లక్ష్మివారం నాటి క్రిస్మస్ భోజనం

మొన్న సాయంత్రం ఈ బిలాస్‌పూర్‌లోనే సర్కండా నుంచి మా మేనకోడలు ఫోన్ చేసి, అత్తా, ఈసారి క్రిస్మస్ భోజనం మా ఇంట్లోనే, గురువారం పడింది, అందరికీ ఛుట్టీ, మావయ్యని వెంటపెట్టుకుని పొద్దున్నే వచ్చెయ్యాలి అని సగం తెలుగులోనూ సగం హిందీలోనూ గడగడా చెప్పేసి, నేను అచ్ఛా అనేలోపే పెట్టేసింది. దానికది గురువారం. నాకు మాత్రం ఆ మాట వినగానే లింగియాడీహ్‌లోని ఈ ఇల్లూ, చేతిలోని ఫోనూ, పొయ్యిమీద మరుగుతున్న టీ కూడా మరుపున పడి, నలభై ఏళ్ళ కిందటి ఒక లక్ష్మివారం కళ్ళముందు నిలబడింది. టీ పొంగి పొయ్యంతా పాడైంది, అందుకు మా ఆయన చేత నాలుగు మాటలు పడ్డాను కూడా, అది వేరే సంగతి.

రైల్వే క్వార్టర్లలో పెరిగిన నా ఈడువాళ్ళకి ఆ ఇళ్ళ గురించి చెప్పనక్కర్లేదు. ముందొక గది, దాని వెనకొకటి, ఆ వెనక మనిషి అటు తిరిగితే గిన్నె తగిలే వంటిల్లు, చిన్న వరండా, పెరడు. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం పక్కనుంచి ఉద్యోగం కోసం బిలాస్‌పూర్ వచ్చి పాతుకుపోయిన కుటుంబం మాది. ఊరు వదిలినా అమ్మ ఊరి ఆనవాయితీ ఒక్కటీ వదల్లేదు, అందులోనూ మార్గశిరమాసం వచ్చిందంటే మా ఇంట్లో లక్ష్మివారాలదే రాజ్యం. అన్నయ్యకి పసితనంలో పెద్ద జబ్బు చేసి బతికి బయటపడ్డాడట, అప్పుడు మొక్కుకున్న వ్రతం అది. తెల్లవారకముందే ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గులు పెట్టాలి, ఆ రోజు తల దువ్వుకోకూడదు, ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి ఇవ్వకూడదు, నీచు సంగతి సరేసరి, కోడిగుడ్డు సైతం గేటు దాటి లోపలికి రాకూడదు. వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. అమ్మవారికి పెట్టిన నైవేద్యం ఇంట్లోవాళ్ళే తినాలి, పైవాళ్ళకి పెట్టకూడదు, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్లకి కూడా పెట్టకూడదు. అప్పటికి నాకు సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఆ నియమం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది, ఇంత చాకిరీ చేయించుకుని రేపు నన్ను పరాయిదాన్ని చేసేస్తారా అని సణిగేదాన్ని, అమ్మ వినిపించుకునేది కాదు.

ఆ ఏడు ఎండాకాలంలోనే అన్నయ్య, పార్సెల్ ఆఫీసులో తనతో పనిచేసే అమ్మాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. వదిన వాళ్ళు గోదావరి వైపునుంచి వచ్చిన క్రైస్తవులు, వాళ్ళ నాన్నగారు గూడ్సు బళ్ళకు గార్డు. మావాళ్ళు నెలరోజులు ముఖాలు ముడుచుకున్నారు గానీ, వదిన పెట్టిన చేపల పులుసు నాన్నకి తెగ నచ్చెయ్యడంతో మెత్తబడ్డారు. గార్డుగారు మాత్రం మెత్తబడలేదు. ఆయన కోపిష్టి కాదు, నిక్కచ్చి మనిషి, అది కోపంకన్నా కష్టం. కూతురు గడప దాటుతుంటే ఒకే మాట అన్నారట, ఆ ఇంట్లో నీకు నీ పండగ ఉండదు, నీ ప్రార్థన ఉండదు, చివరికి నువ్వూ మిగలవు అని. వదిన ఆ మాట నాకొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. పెళ్ళయిన దగ్గరనుంచీ ఆ తల్లిదండ్రులు మా ఇంటి ఛాయలకి రాలేదు.

కార్తీకమాసంలో ఒకనాడు బుధవారీ బజార్‌లో అమ్మకి వియ్యపురాలు ఎదురుపడింది. ఇద్దరూ వంకాయల బుట్ట దగ్గర కాసేపు ఒకరినొకరు చూడనట్టే నటించారు, ఆ తర్వాత అమ్మే ముందు పలకరించి, మీ పెద్ద పండక్కి ఇద్దరూ మా ఇంటికే భోజనానికి రావాలి, పిల్ల సంబరపడుతుంది అనేసింది. ఆవిడ ఇంటికెళ్ళి ఏం చెప్పి ఒప్పించిందో గానీ వారం తిరక్కుండా వస్తామని కబురొచ్చింది. వదిన ఆ రోజంతా నేలమీద నడిస్తే ఒట్టు.

మా ఇంట్లో క్యాలెండర్లు రెండు. ముందుగదిలో నాన్న డ్యూటీలు చూసుకునే ఇంగ్లీషు క్యాలెండరు, వంటింట్లో అమ్మ తిథులు చూసుకునే తెలుగు క్యాలెండరు. క్రిస్మస్ ముందుగదిది, మార్గశిరం వంటింటిది. రెండూ కలిపి చూడాలన్న ఆలోచన ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ రాలేదు. మొదటి లక్ష్మివారం పూజ అయ్యాక అమ్మ మిగతా వారాలు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ మూడోది క్రిస్మస్ నాడే అని తెలిసి ఆగి, అలాగే గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. దేవుళ్ళిద్దరికీ ఒకే రోజు డ్యూటీ పడిందేటే అని నాన్న నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఊరుకున్నాడు.

నోటితో పిలిచిన పిలుపు వెనక్కి తీసుకుంటే వాళ్ళు ఇక జన్మలో మా గడప తొక్కరు. పిలుపు నిలుపుకుందామా అంటే, క్రిస్మస్ నాడు మాంసం లేని భోజనం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు, గార్డుగారు అన్న మాటే నిజమైపోతుంది. వరండాలో ఇటుకల పొయ్యి పెట్టి కోడి వండుదామన్నాడు అన్నయ్య, వరండా మన ఇల్లు కాదేటిరా అంది అమ్మ. శుక్రవారానికి మారుద్దామని నాన్న అంటే, పండగని డ్యూటీలాగ మార్చుకోలేం కదా మావయ్యా అంది వదిన, నెమ్మదిగానే. రెండు రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి వదినే తేల్చింది. ఆ రోజు ఇంట్లోకి నీచూ రాదు, గుడ్డూ రాదు, అయినా పండగ భోజనం నేను వండుతాను, ఈ సంగతి మావాళ్ళకి ముందుగా చెప్పొద్దు, చెబితే మా నాన్న రారు అంది. అమ్మ కూడా తన వంతుకి ఒక మెట్టు దిగి, వరండాలో ఉల్లీ వెల్లుల్లీ వాడుకోమంది. లక్ష్మివారం నాడు మా అమ్మ వెల్లుల్లి వాసన ఓర్చుకోవడమంటే మాటలు కాదు, మీరు నమ్మాలి.

పిండివంటల దగ్గర పేచీ లేదు. గులాబీ పువ్వుల అచ్చు మా ఇంట్లోనూ ఉంది, వదిన పుట్టింట్లోనూ ఉంది, వాళ్ళు పిండిలో గుడ్డు కొడతారు, మేం కొట్టం, అంతే తేడా. కేకే ఏడిపించింది. బొగ్గుల కుంపటిమీద డేకిసాలో ఇసక పోసి, దానిలో గిన్నె దించి, గుడ్డుకి బదులు పెరుగు కలిపి చేస్తే, అది పొంగకుండా అణిగిపోయి కూర్చుంది. దిబ్బరొట్టెకి కిస్‌మిస్‌లెందుకమ్మా అని నాన్న వేళాకోళం చేసి, వదిన కళ్ళల్లో నీళ్ళు చూసి కంగారుపడి, బాగుంది బాగుందంటూ రెండు ముక్కలు నమిలేశాడు. ఇక కూర. బెల్తరా పల్లెనుంచి కూరగాయలు తెచ్చే ఆవిడ దగ్గర ఇంత పెద్ద కందగడ్డ తీసుకున్నాం. ఇక్కడివాళ్ళు జిమీకంద అంటారు, పండగలకి మసాలాలు దట్టించి వండుకుంటారు. వదిన దాన్ని వేటమాంసంలాగ ముక్కలు కోసి, గొంతు దురద పెట్టకుండా చింతపండు నీళ్ళలో ఉడికించి, నూనెలో ఎర్రగా వేయించి, వాళ్ళమ్మ మాంసంలో వేసే మసాలానే నూరి వేసింది. లోపల అమ్మ మూడో వారం నైవేద్యానికి అప్పాలు, పరమాన్నం చేస్తోంది. చెయ్యి కడుక్కుని రమ్మని అమ్మా, మసాలా అడుగంటుతోంది రమ్మని వదినా, ఆ పొద్దంతా నేను గుమ్మానికి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

వాళ్ళు చర్చినుంచి తిన్నగా మధ్యాహ్నానికి వచ్చారు. గార్డుగారు గంజిపెట్టిన తెల్లచొక్కాలో, కోటులో, బండికి జెండా ఊపడానికి వచ్చినంత నిటారుగా కూర్చున్నారు. వడ్డించాక ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు, అమ్మ వంటింటి గుమ్మంలో చేతులు జోడించి నిలబడింది. కళ్ళు తెరిచి పళ్ళెమంతా కలియజూశారు. పులావు, పప్పు, పెరుగుపచ్చడి, ఎర్రటి కూర. ఒక ముక్క కొరికి చూసి, పళ్ళెంలో పెట్టేసి, క్రిస్మస్ నాడు కందా అమ్మా అని కూతుర్ని అడిగారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

అమ్మ గిరుక్కున లోపలికి వెళ్ళి, అమ్మవారి ముందున్న ఇత్తడి గిన్నె పట్టుకుని వచ్చింది. కడుపున పుట్టిన నాకే రేపు పెట్టనన్న పరమాన్నం, ఇంటికి మొదటిసారి వచ్చిన మనుషులకి వడ్డించడానికి వంగింది. ఇది మా ఇంట్లోవాళ్ళకి తప్ప పెట్టం అన్నయ్యగారూ అంది. ఆ మాటలో ఎంతుందో తెలిసినవాళ్ళం మేమే. కానీ ఆ గరిటె దిగేలోపు గార్డుగారు పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టారు. విగ్రహం ముందు పెట్టింది ఆయన ముట్టరు, అది ఆయన నియమం. ఆ కాలనీలో అన్నాళ్ళూ పండగ ప్రసాదాలు మొహమాటానికి పుచ్చుకున్నవాళ్ళే గానీ ఇలా అడ్డంపెట్టినవాళ్ళు లేరు, అమ్మకి ఆ సంగతి తెలియనే తెలియదు. ఏమీ అనుకోకమ్మా చెల్లెమ్మా, నేను తినను అని, ఎండాకాలంనుంచీ తన మనసులో ఉన్నది అడిగేశారు.

"నా కూతురు తింటోందా?"

అమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అక్కడే నేలమీద కూర్చుంది.

"మొదటి వారం పెట్టినాను, తిన్లేదు. రెండో వారం పెట్టినాను, తిన్లేదు. ఇయ్యాల కూడా పెట్టినాను, లోపల మూతేసి ఉంది. ఇంటి కోడలికి వాటా తియ్యకుండా ఎలాగ అన్నయ్యగారూ? తింటాదా మానేస్తాదా, అది దానిష్టం."

మరి ఆ వాటా ఏం చేస్తారు వదినగారూ అని వియ్యపురాలు మెల్లిగా అడిగింది.

"పొద్దుగూకినాక నేనే తింటాను. పిల్ల వాటా పారబొయ్యలేను కదమ్మా."

ఈ సంగతి మాకెవరికీ తెలియదు. అదే వంటింట్లో తిరుగుతున్న నాకే తెలియదు. మొదటి వారం తిట్లు పడతాయని వదిన భయపడిందట, అమ్మ ఏమీ అనకుండా గిన్నెమీద మూత వేసి వెళ్ళిపోయిందట, ఇద్దరూ దాని గురించి ఒక్క మాటా అనుకోలేదట. గార్డుగారు ఇందాక వదిలేసిన కందముక్క తీసి నోట్లో పెట్టుకుని, ఇంకొంచెం కూర వెయ్యమ్మా అని కూతురి వైపు పళ్ళెం జరిపారు. వదిన కళ్ళు తుడుచుకుంటూ వడ్డిస్తే సగం కూర చాపమీద పడింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆయన రెండోసారి, మూడోసారి కూడా వేయించుకుని, అణిగిపోయిన ఆ కేకు కూడా తిని, వెళ్ళేటప్పుడు వచ్చే ఏడూ వస్తామని తనంతట తనే అన్నారు. అమ్మ ఆ దంపతుల వాటాలు కూడా తీసి పక్కన మూతపెట్టింది. ఆ సాయంత్రం ముగ్గురి పరమాన్నమూ తన వాటాతో కలిపి ఒక్కర్తే తింటుంటే, మీ అమ్మ వియ్యాలవారి పుణ్యమా అని ఒళ్ళు చేస్తాదిరా అని నాన్న నవ్వాడు.

మరుసటి ఏడు నాకు నాగపూరు సంబంధం కుదిరి వెళ్ళిపోయాను. మార్గశిరంలో పుట్టింటికి వస్తే, అన్నంత పనీ చేసింది మా అమ్మ, నాకు నైవేద్యం పెట్టలేదు. వదిన వాటా మాత్రం మూతేసి ఉంది. తినేదానికి లేదు గానీ తిననిదానికి వాటానా అని ఎంత దెబ్బలాడానో. వదిన నవ్వి నన్ను వరండాలోకి లాక్కెళ్ళి కోడికూరతో అన్నం పెడతానంది, లక్ష్మివారం నాడు ఆ మాట అన్నందుకు ఇద్దరం నాలుకలు కరుచుకున్నాం.

మా ఆయన రిటైరయ్యాక మేం మళ్ళీ బిలాస్‌పూర్ వచ్చేశాం. అమ్మా నాన్నా లేరు, గార్డుగారూ ఆయన భార్యా లేరు. అన్నయ్యా వదినా కూతురి దగ్గరే ఉంటున్నారు, వదినకి మోకాళ్ళ నొప్పులు, వంటింట్లోకి వెళ్ళనివ్వరు. మా మేనకోడలు మంచి పిల్ల, ఎవరి మనసూ నొప్పించదు. ఎవరు ఏది తింటారో, ఎవరికి ఏది పడదో ముందే ఫోన్లో అడిగి తెలుసుకుని, ఎవరిది వాళ్ళకి పొట్లాలు తెప్పిస్తుంది, పడనిది కంటికి కనపడకుండా చూసుకుంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరి నియమానికీ ఎవరూ అడ్డం రారు, అది మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. తినదని తెలిసి తెలిసీ, ఇది నా పిల్ల వాటా అని మూతపెట్టి ఉంచే చెయ్యి మాత్రం ఇప్పుడు ఏ ఇంట్లోనూ నాకు కనబడదు.