సున్నంతో గీసిన ఊరు

నా చిన్నప్పుడు నేను ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాలికి బలపం కట్టుకుని పుట్టిందని మా అమ్మ విసుక్కునేది. వినుకొండకు దగ్గర్లో నల్లరేగడి మీద మా ఊరు. మేం గుడి అని పిలిచే చర్చి పక్కనే బడి. పంతులుగారు నల్లబల్ల వైపు తిరిగితే చాలు, నేను కిటికీలోంచి దూకి పత్తిచేల వెంట పడిపోయేదాన్ని. మూడో తరగతికి వచ్చినా అక్షరాలు విడివిడిగా గుర్తుపట్టడమే తప్ప, కలిపి చదవడం నాకు రాలేదు.

ఆ ఏడు మిరపకాయ పండు తిరుగుతున్న రోజుల్లో నాన్న ఒక నిర్ణయానికి వచ్చాడు. బళ్లో ఎటూ కూర్చోని పిల్ల, కోతలు మొదలవగానే అమ్మతో పాటు కూలికి వస్తుందన్నాడు. నాకేమీ బాధ కలగలేదు. చేలో అయితే రోజంతా తిరగొచ్చు కదా అనుకున్నాను. బాధపడింది మా మేనత్త ఒక్కతే.

అత్త నాన్నకు అక్క, మిషన్ బడిలో టీచరు. గుడివాళ్లు శిక్షణకు పంపితే ఇంగ్లాండులో ఉత్తరాన, సంత జరిగే ఒక చిన్న ఊళ్లో కొంతకాలం ఉండి వచ్చింది. ఊళ్లో అందరూ ఆమెను లండన్ గురించి అడిగేవాళ్లు. ఆమె మాత్రం ఆ చిన్న ఊరి గురించే చెప్పేది. అత్త నాన్నతో వాదన పెట్టుకోలేదు. కోతలు మొదలయ్యేదాకా పిల్లను నాకు వదిలెయ్యరా అని మాత్రం అడిగింది.

క్రిస్మస్‌కి గుడి గోడలకు కొట్టగా కొంత సున్నం మిగిలింది. ఒక సాయంత్రం అత్త ఆ సున్నంతో గుడి ఆవరణంతా గీతలు గీసింది. కబడ్డీకి బరి గీస్తోందనుకుని పిల్లలం మూగాం. కాదు, తాను ఉండి వచ్చిన ఆ ఇంగ్లాండు ఊరు అంది. ఇదిగో ఇది సంత జరిగే బజారు, ఇది కూలిపోయిన కోట, ఇది రాతి వంతెన, ఇది పాత గుడి, అదిగో ఆ చివర జలపాతం. లోకమంతటి నుంచీ జనం వాటిని చూడ్డానికి వస్తారని చెప్పింది. ఒక్కో చోట ఇంటిపెంకు ముక్క పెట్టి, దాని మీద సుద్దతో నాలుగు మాటలు రాసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్లకు ఊరు తిప్పి చూపించే పని దీనిది అని అందరి ముందూ ప్రకటించింది.

తిరగడమే పని అంటే నాకింకేం కావాలి? కానీ కోట దగ్గర ఏం చెప్పాలని అత్తను అడిగాను. "నేను గియ్యడం వరకేనే. అక్కడేముందో బోర్డు మీద రాసుంది, చూసుకో" అంది. నా వెనక పిల్లలంతా వరసగా నిలబడి ఉన్నారు. తప్పు చెబితే నవ్వి వెళ్లిపోతారు. అందుకని పొద్దున్నే ఎవరూ రాకముందు వెళ్లి, ఒక్కో పెంకు ముందు గొంతుక్కూర్చుని అక్షరానికి అక్షరం అతికించుకునేదాన్ని. ఒకటి పూర్తయితే లేచి ఇంకోదాని దగ్గరికి పరుగు. అది చదువని నాకు తట్టనే లేదు.

పిల్లల ప్రశ్నలతో తల తిరిగేది. ఆ సంతలో మిరపకాయలు ఉండవు, గొర్రెలూ జున్నూ అమ్ముతారని చెబితే, మిరపకాయ పండని ఊరు అదేం ఊరని మొహం మీదే అనేశారు. నాకు పౌరుషం వచ్చింది. అప్పటికది నా ఊరైపోయింది. కోతలు మొదలైతే దాన్ని వదిలిపోవాలనే సంగతి అప్పుడు గుర్తొచ్చి, కాయ ఎంత ఎర్రబడిందో చూడ్డానికి రోజూ చేల గట్లకు పరిగెత్తేదాన్ని. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

చివరికి కోతలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం నాన్న చేలోంచి నేరుగా గుడి దగ్గరికి వచ్చి, రేపట్నించి రావాలి పద అన్నాడు. అత్త తొణక్కుండా, "ఇంత దూరం వచ్చావు, ఊరు చూసి పోరా" అంది. అక్క మాట కాదనలేక నాన్న నా వెనక నడిచాడు. పాత గుడి గీత దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. కోటలో ఇప్పుడు ఎవరూ ఉండరు, గోడలు కూలిపోయాయి, అయినా చూడ్డానికి వస్తారని చెబితే, "మన ఇల్లూ అంతేగా, ఎవడూ రాడే" అని నవ్వాడు.

వంతెన దాటాక ఏటి ఒడ్డున కొత్త పెంకు కనిపించింది, పక్కనే సున్నంతో గీసిన చిన్న గడి ఒకటి. పొద్దున అవి లేవు. నాన్న ఆ పెంకు వంక కాసేపు చూసి, "కళ్లల్లో కారం పడిందమ్మా, ఆనడం లేదు. అదేం రాశారో నువ్వు చూడు" అన్నాడు. ఆయన కళ్లు శుభ్రంగానే ఉన్నాయి. నాన్నకు చదవడం రాదని నాకు ఆ క్షణం దాకా తెలియదు. నేనూ చదవలేకపోతే ఇక ఇద్దరం అలా నిలబడిపోవడమే.

కూడబలుక్కుని చదివాను. "నడిచి అలసినవారు ఇక్కడ కూర్చోండి. ఈ బల్ల అందరిదీ."

"అందరిదీ అనే రాసుందా? సరిగ్గా చూడు" అన్నాడు నాన్న. వేలు పెట్టి మళ్లీ చదివాను. అప్పుడు ఆ సున్నపు గడిలో, ఏదో నిజమైన బల్ల మీద కూర్చున్నట్టు జాగ్రత్తగా కూర్చున్నాడు. ఎవరి ముందైనా నిలబడే ఉండే మనిషి ఆయన. నేనూ పక్కన కూర్చున్నాను. కాయలు కోసిన చేతుల మంటకు ఆయన వేళ్లు విదిలిస్తూనే ఉన్నాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం లేవలేదు. లేచాక, లుంగీకి అంటిన సున్నం కూడా దులుపుకోకుండా అత్తతో, "ఇది బడికే వస్తుందిలే అక్కా" అన్నాడు. ఆ ఏడు అమ్మా నాన్నా ఇద్దరే కోతలకు వెళ్లారు.

పెద్దయ్యాక అత్తను అడిగాను, ఆ బల్ల నిజంగా ఆ ఊళ్లో ఉందా అని. ఉందట. కొత్తల్లో కూర్చోవచ్చో లేదో తెలియక దాని ముందు చాలాసేపు నిలబడిందట.

నాకు ఇప్పటికీ కుదురు లేదు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా పట్నంలో బ్రాడీపేట ఆసుపత్రుల్లో నా వంతు వచ్చేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. ఎవరైనా బోర్డు ముందు ఆగి, దిక్కులు చూస్తూ కనిపిస్తే పక్కకు వెళ్లి నిలబడి, నా కోసం చదువుకుంటున్నట్టు పైకి చదువుతాను. వాళ్లు నా వంక చూడకుండానే సరైన గది వైపు వెళ్లిపోతారు. కళ్లల్లో కారం పడిందని చెప్పాల్సిన అవసరం వాళ్లకు రాలేదు కదా అని నాకు చాలా సంతోషంగా ఉంటుంది.