మైనంలో మిగిలిన పిలుపు

రిటైరయ్యాక ఒక ఎలక్ట్రానిక్ పుస్తకం కొనుక్కున్నాను. ఫోను తెర కళ్ళల్లో పొడుస్తుంది, దీని తెర అచ్చం కాగితంలా ఉంటుంది. ఫిజిక్సు పాఠాలు చెప్పి బతికినదాన్ని కనక అదెలా పనిచేస్తుందో తెలుసుకునేదాకా నిద్రపట్టలేదు. తెర లోపల వెంట్రుక మందాన లక్షల బుడగలుంటాయి. ఒక్కో బుడగలో కాస్త ద్రవం, అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. రెండింటి విద్యుదావేశాలూ వేరు. అడుగు నుంచి కరెంటు ఒక రకంగా తగిలితే తెల్లవి పైకొస్తాయి, ఇంకో రకంగా తగిలితే నల్లవి. పైకొచ్చిన నల్లవే మన కంటికి అక్షరాలు. మార్చడానికే కరెంటు కావాలి, నిలబెట్టడానికి అక్కర్లేదు. బ్యాటరీ అయిపోయినా చివరి పేజీ అలాగే ఉండిపోతుంది.

పేజీ తిప్పినప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడి తేరుకుంటుంది. లేకపోతే పాత అక్షరాల నీడ కొత్త పేజీ మీద మిగిలిపోతుంది. ఆ నీడ మొదటిసారి కనిపించిన రోజున ఇంకో పేజీ తిప్పలేదు. అలాంటిదాన్ని నేను డెబ్భైల్లో, చోడవరంలో, ఒక మ్యాజిక్ పలక మీద చూశాను.

మా నాన్న సినిమా హాలు మైకు మనిషి. జట్కాకి రెండువైపులా బొమ్మలు కట్టుకుని, ఇటు రావికమతం, అటు మాడుగుల దాకా "నేడే చూడండి" అంటూ తిరిగేవాడు. గొంతులో పుండు లేస్తే విశాఖపట్నం పెద్దాసుపత్రిలో గొంతు తీసేశారు. మెడ దగ్గర కన్నంతో ఇంటికొచ్చాడు. నా బడి పలక ఇస్తే బలపం పొడికి దగ్గు ఆగేది కాదు. అందుకని అనకాపల్లి బజార్లో మ్యాజిక్ పలక కొన్నాం. అట్ట మీద నల్ల మైనం, దాని మీద పల్చటి పొర. పుల్లతో గీస్తే పొర మైనానికి అంటుకుని అక్షరం కనిపిస్తుంది. పొర ఎత్తితే చర్రుమని మాయమైపోతుంది.

అమ్మకి చదువు రాదు. నాన్న రాసింది పైకి చదవడం నా వంతు, చదివాక పొర ఎత్తడం అమ్మ వంతు. సైగలు చెయ్యడానికి నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. "ఈ పప్పుకి మొదటాటకే జనం లేచిపోతారు" అని రాస్తే నేను చదవలేక పడీపడీ నవ్వేదాన్ని.

"గొంతు పోయినా ఎటకారం పోలేదు సూడు," అనేది అమ్మ పొర ఎత్తుతూ.

అయినా ఆ పని నాకు విసుగే. పదమూడేళ్ళదాన్ని, తింటున్నా పిలుపే, ఆడుతున్నా పిలుపే. "నాకు అచ్చరాలు నేర్పీయే, నీకీ బాధ తప్పుద్ది," అని అమ్మ అడిగితే నాలుగు రోజులు దిద్దించి, "నీకు రాదులే," అని లేచిపోయాను. నోటిదురుసు నాకు అప్పటినుంచీ ఉంది.

ఆ ఏడు ఎండాకాలం ముందర నాన్నకి జ్వరం వచ్చింది. "ఇయ్యాల బడి మానీయే. ఆయనేటైనా రాస్తే సదివి సెప్పాలి," అంది అమ్మ.

"నేన్లేకపోతే మీకు గడవదేటి?" అని విసురుగా వెళ్ళిపోయాను. బడి రెండు వీధుల అవతలే. మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి తీసుకెళ్ళేసరికి నాన్న లేడు.

అమ్మ పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాలుగుసార్లు రాసేరే. రాసి నాకేసి సూపించేరు. నేను తలూపి, పొరెత్తి మళ్ళీ ఇచ్చేను. ఇంకేటో రాస్తారనుకున్నాను. ఏటి రాసేరో ఏటో."

పలక మీద ఏమీ లేదు.

పెద్దకర్మ అయ్యాక ఒక పొద్దున ఆ పొరని పూర్తిగా ఎత్తి, మైనాన్ని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టాను. పుల్ల నొక్కిన చోటల్లా సన్నటి గాడి ఉంది. ఎన్నాళ్ళ రాతలో ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా పైన, వణికిన గీతల్లో, ఒకే మాట నాలుగుసార్లు ఉంది.

"పాపని పిలు."

పాప అంటే నేనే. చదివే మనిషిని పిలవమని చదువు రాని మనిషికి రాశాడు నాన్న. ఆ పిలుపునే అమ్మ నాలుగుసార్లు చెరిపి ఇచ్చింది. అమ్మది తప్పు కాదు. ఉండమన్న రోజున ఉండనిదాన్ని నేను. ఆ బాధకి ఇవాళ్టికీ నా దగ్గర మందు లేదు.

"ఏటి రాసేరే?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"నన్ను బాగా సదివించమన్నాడమ్మా," అన్నాను. ఆ అబద్ధం పట్టుకునే అమ్మ మిషను కుట్టి నా చదువు ఆగకుండా చూసింది.

ఇంట్లో నాన్న పంచగా మిగిలిన సినిమా కరపత్రాలు కట్టలుగా ఉండేవి. వాటిలో ఉన్నది నాన్న మైకులో ఎలా చెప్పేవాడో అమ్మకి కంఠతా వచ్చు. తెలిసిన ఆ మాటల్ని అచ్చులో ఉన్న అక్షరాలకి జోడించుకుంటూ, నాకు చెప్పకుండా, తనంతట తనే చదవడం నేర్చుకుంది. నన్ను మళ్ళీ అడగలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి, అమ్మ కిటికీ దగ్గర పలక ఒళ్ళో పెట్టుకుని, మైనం మీద వేలు ఆనించి కూడబలుక్కుంటోంది. "పా... ప... ని..." ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చదివింది. నేను సంచి కూడా దించలేదు.

"నిన్ను పిలవమన్నారు," అంది. కోప్పడలేదు. "రెండు ఈదులే కదే. పరుగెట్టుకొచ్చీదాన్ని."

నేను ఏడ్చాను. తిట్టమని బతిమాలాను. "ఊరుకోయే," అని అమ్మ పొర కిందకి దించి, పుల్ల తీసుకుని, ఒక్కో అక్షరాన్నీ చాలాసేపు గీసింది. తర్వాత పలకని నాన్న ఫోటోకి ఎదురుగా, రాత ఆయన వైపు ఉండేలా నిలబెట్టింది. వెనకనుంచి వంగి చూశాను.

"పాప వచ్చింది" అని ఉంది.

ఆ పొరని అమ్మ మళ్ళీ ఎత్తలేదు.