కాయిల్ నా జేబులో ఉండగా వినబడిన రంపం

పెట్రోలు ఇంజనులోంచి కాయిల్ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాక ఆ ఇంజను తిరుగుతుందా? మీరు చదువుకున్నవారు, చెప్పండి.

తిరగదు. కాయిల్ లేనిదే ప్లగ్గుకు కరెంటు లేదు, కరెంటు లేనిదే నిప్పురవ్వ లేదు, రవ్వ లేనిదే పెట్రోలు మండదు. ఇందులో వాదనకు చోటు లేదు. దెయ్యాల విషయంలోనూ నాది ఇంతే గట్టి మాట. నిమ్మకాయలో నెత్తురు చూపించే మాంత్రికుల గుట్టు పిల్లల ముందే విప్పినవాణ్ణి. మనిషి ఉరి వేసుకున్న ఇల్లని ఎవరూ అద్దెకు దిగకపోతే, నేను దిగి కాపురం చేశాను. అక్కడ రాత్రిళ్ళు నన్ను పీడించినవి నల్లులు మాత్రమే.

ఆ మాట ఈ రోజుకీ మార్చుకోలేదు. అయినా ఇది రాస్తున్నాను. వాదానికి ఇబ్బంది కలిగించే సాక్ష్యాన్ని దాచిపెట్టడం పూజారులు చేసే పని, నాది కాదు.

మాది గని కుటుంబం. తాతల కాలంలో చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గనులకు వచ్చాము. నేను గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాను. గనులు మూతపడ్డాక రాబర్ట్‌సన్‌పేటలోనే ఉండిపోయి, చిన్న ఇంజన్లు బాగుచేస్తూ, మిగిలిన పొద్దు వ్యాసాలు రాస్తున్నాను. చెల్లెలు రత్నమ్మను టేకల్ దగ్గర పల్లెకు ఇచ్చాము. ఆమె భర్త మునిరాజు నీలగిరి తోపులు కోస్తాడు. సొంతానికి ఒక మిషన్ రంపం ఉంది.

మా నాన్న గనిలో, బావి అడుగున గంట కొట్టేవాడు. పైన ఇంజను తిప్పేవాడికి కింద ఏముందో కనబడదు, గంటే చెప్పాలి. మూడు కొడితే పైకి లాగే బోనులో మనుషులున్నారని, జాగ్రత్తగా లాగమని. రత్నమ్మ ఈ లెక్కను అత్తవారింటికి తీసుకుపోయి మొగుడికి నేర్పింది. మునిరాజు పని ముగించి రంపం ఆపే ముందు మూడుసార్లు థ్రాటిల్ నొక్కి వదిలేవాడు. తోపు ఇంటికి గుట్ట అవతల. ఆ మూడు మోతలు వినగానే ఆమె రాగిముద్దకు ఎసరు పెట్టేది. అతడు వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి పళ్ళెంలో ముద్ద పొగలు కక్కుతూ ఉండేది.

సెల్‌ఫోన్లు వచ్చాక కూడా ఇద్దరూ ఇది మానలేదు. ఫోన్ చేస్తే సరిపోదా అని ఒకసారి అడిగాను. ఫోన్ చేస్తే మాట్లాడాలి కదా, ఆయప్పకు అది చేతకాదు అని నవ్వింది.

ఈమధ్య ఒక ఎండాకాలం ఆ రంపం మొండికేసింది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే లేచేది. కాసేపు కోయగానే గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేది. నీడన పెట్టి చల్లారనిస్తే మళ్ళీ లేచేది. మునిరాజు కార్బొరేటర్ కడిగాడు, పెట్రోలు మార్చాడు, లాభం లేకపోయింది. దానికి తోడు తాడు లాగితే ఒక్కోసారి ఎదురు తన్ని వేళ్ళు పీకేది, నడిచినంతసేపూ దగ్గుతూ నడిచేది. చివరికి నాకు కబురు చేశాడు.

ఇంజను వేడి మీద ఆగిన వెంటనే ప్లగ్గు ఊడదీసి, సిలిండరుకు ఆనించి తాడు లాగాను. రవ్వ లేదు. కొత్త ప్లగ్గుకూ లేదు. ఆపే స్విచ్చు వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతోందేమోనని దాన్ని విడదీసి చూశాను, అప్పుడూ లేదు. చల్లారాక అదే ప్లగ్గుకు నీలం రవ్వ టక్కున వచ్చింది. కాయిల్ వేడికి చచ్చి, చల్లబడితే బతుకుతోందన్నమాట. ఎదురు తన్నడానికి కారణం వేరే. ఫ్లైవీల్‌ను ఇరుసు మీద సరైన చోట పట్టి ఉంచే చిన్న కీ సగం కోసుకుపోయింది. చక్రం కాస్త జరిగి, రవ్వ రావలసిన క్షణానికి ముందే వస్తోంది. మెకానిక్కులు టైమింగ్ తప్పిందనేది దీన్నే. రెండు రోగాలు, రెండింటికీ కారణం కళ్ళెదుట. లోకంలో నాకు నచ్చే రోగాలు ఇలాంటివి.

ఫ్లైవీల్‌ను కిరోసిన్ డబ్బాలో నానవేసి, రంపాన్ని ముందు వసారాలో గోనెపట్టా కింద పెట్టాము. కొత్తది సరిచూసుకోవడానికి పాత కాయిల్‌ను జేబులో వేసుకున్నాను.

ఒక్క చిక్కు మిగిలింది. రంపం ఆగిపోయే సమయానికి మునిరాజు ఒక చెట్టును సగానికి పైగా కోసి ఉన్నాడు. అలాంటి చెట్టు ఏ గాలికి ఎటు పడుతుందో చెప్పలేము. దాని కిందుగానే మేకలు తోలుకుపోయే దారి. నేను సామాను తెచ్చేదాకా ఆగమన్నాను, సరేనన్నాడు. నేను బస్సెక్కాక అతడికి మనసు ఊరుకోలేదు. ఎవరి మీదైనా పడితే ఎలాగని గొడ్డలి తీసుకుని, ఇంట్లో చెప్పకుండా, ఒంటరిగా వెళ్ళాడు.

మధ్యాహ్నం నేను తిరిగి వచ్చేసరికి రత్నమ్మ వెనక వంటింట్లో ఎసరు పెడుతోంది.

“రిపేరీ చేసిచ్చి యాడికి పోయినావన్నా, నాకొక మాటైనా సెప్పకుండా? ఆయప్ప ఇప్పుడే మూడు కొట్టినాడు. కూసో, ఇద్దురూ తిందురు.”

నేను నవ్వి, జేబులోంచి కాయిల్ తీసి చూపించాను. ఇది లేకుండా దేనితో కొట్టాడు, నోటితోనా అని అడిగాను. ఆమె గరిటె పట్టుకునే వసారాలోకి వచ్చింది. గోనెపట్టా ఎత్తాను. రంపం ఉంది. చక్రం డబ్బాలో ఉంది.

అప్పుడు నేనూ విన్నాను. గుట్ట అవతల నుంచి మూడు మోతలు, మధ్యలో కొద్దికొద్ది ఎడంతో. దగ్గు లేదు, ఎదురు తన్నులు లేవు. రంపం కొత్తలో ఎలా మోగేదో అలా.

రత్నమ్మ గరిటె అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నేను వెనకాలే.

చెట్టు గొడ్డలికి తెగి, నేలకు రాకుండా పక్క చెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. విడిపించబోయి మునిరాజు కిందికి వెళ్ళినప్పుడు జారి మీద పడింది. మాను అతడి తొడల మీదా రొమ్ముకు ఒక పక్కనా ఒరిగి ఉంది. ఊపిరి పీల్చడానికే సత్తువ లేదు, కేక ఎక్కడ వేస్తాడు? నేను ఊళ్ళోకి పరుగెత్తి మనుషులను పిలుచుకొచ్చాను. దుంగలు పెట్టి మానును లేపేంతసేపూ రత్నమ్మ అతడి తల ఒళ్ళో పెట్టుకుని, కండ్లు మూయొద్దు, నన్ను చూడు, నన్నే చూడు అని చంటిపిల్లవాడికి చెప్పినట్టు చెబుతూనే ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి నిలిచేది కాదని ఆస్పత్రిలో డాక్టరు అన్నాడు.

మునిరాజుకు మాట వచ్చాక నేను అడిగిన మొదటి ప్రశ్న, మూడు కొట్టింది నువ్వేనా అని.

“దేంతో కొడతాను బావా?” అన్నాడు. “గొడ్డలి కూడా అందలా. నోరు లేస్తా లేదు. వేలితో మాను మీద మూడు మూడు తట్టుకుంటా ఉన్న్యా. ఆయమ్మకు ఇనపడదని తెలుసు. ఇంగేం చేసేది?”

రత్నమ్మ మంచం పక్కన నిలబడి దుప్పటి సర్దింది. సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దింది.

తర్వాత నేను చేయవలసిందంతా చేశాను. చుట్టుపక్కల రంపాలున్న వాళ్ళందరినీ కలిశాను. ఆ పూట ఆ దిక్కున ఎవరూ కోయలేదు. పక్క ఊళ్ళో పంటలకు మందు కొట్టే ఇంజను ఒకటి ఉందంటే, దాన్ని తోపులో పెట్టి మోగించి ఇంటి దగ్గర నిలబడి విన్నాను. ఆ గొంతు వేరు, పిల్లలు కూడా తేడా చెప్పారు. వేలితో మాను మీద తట్టించి చూశాను. గుట్ట దాకా ఎందుకు, పది అడుగులకే వినబడలేదు. మేము విన్నది జ్ఞాపకంలోని మోత అనుకుందాం. దగ్గు లేకపోవడం అందుకు సాక్ష్యమే. రత్నమ్మ చెవి ఆ వేళకు అలవాటుపడినది, మొదటిసారి అది నిజమే కావచ్చు. కానీ రెండోసారి, రంపం ముక్కలై కాళ్ళ ముందుండగా, నమ్మనివాడినీ నమ్మినదాన్నీ ఒకే క్షణంలో అదే జ్ఞాపకం ఎలా పట్టుకుంది?

నేను ఊరుకున్నా ఊరు ఊరుకోదు కదా. రంపానికి ఎవరో కుంకుమ పెట్టారు, దాని పళ్ళకు నిమ్మకాయ గుచ్చారు. నేను తుడిచేస్తుంటే మేకలు కాచే ముసలమ్మ దారిలో ఆగి, “మైకులో దెయ్యం లేదని అరిసేటోడివి, ఇప్పుడేమంటావప్పా?” అంది. లేదనే అంటాను, కానీ ఇది ఏమిటో తెలియదంటాను అని చెప్పాను. “తెలీదని మైకులో సెప్తావా మరి?” అని మేకల వెంట వెళ్ళిపోయింది. చెబుతాను. ఈ వ్యాసం అదే.

కొత్త కాయిల్ బిగించి, అయస్కాంతానికీ దానికీ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉంచి, కీ మార్చాను. రంపం బాగా నడుస్తోంది. మునిరాజు కుంటుతూనైనా తోపుకు పోతున్నాడు. ఇప్పుడు రత్నమ్మ కూడా వెంట పోతోంది. ఇంట్లో కూర్చుని వినడం చాలించింది. ఇంత ఆలోచించావు, ఏమని తేల్చావన్నా అని మొన్న ఆమె అడిగింది. తేలలేదన్నాను.

“తేలకపోతే పోనీలే” అంది. “నాకు ఇనపడె, నేను పోతిని. ఆయప్ప ఉండాడు.”

కాబట్టి దెయ్యం ఉందా లేదా అని నాతో వాదించడానికి దయచేసి రావద్దు. దూరాన మోగే శబ్దం ప్రతిసారీ మీ చెవిదాకా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, నేను అసలే ఇవ్వలేను. మీ ఇంట్లో రంపమో గొడ్డలో పట్టుకుని ఒంటరిగా తోపుకు పోయే మనిషి ఉంటే, రేపు పొద్దున మీరూ బయలుదేరండి. చెట్టు పడే జాగాకు ఎడంగా, మూలుగు కూడా వినబడేంత దగ్గరగా కూర్చోండి. ఆ మనిషి పని ముగించేదాకా అక్కణ్ణుంచి లేవకండి.