వాసన చూసి చెప్పక్కా

వాల్టర్ హనీసెట్ ముప్పై ఏళ్లపాటు నా పబ్బులో కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చున్నాడు. నేను పోసిన బీరు నేరుగా ఏనాడూ తాగలేదు. మగ్గు నా ముందుకు జరిపి, "వాసన చూసి చెప్పక్కా" అనేవాడు. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. అలా నవ్విన ఒకడి చేతిలో గ్లాసు లాక్కుని బయటికి పొమ్మన్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నాడు వాల్టర్ మా ఊరి పక్కన విమానాల స్థావరంలో మెకానిక్కు. అమ్మానాన్నలు పోయాక తమ్ముడు పెర్సీని తనే పెంచాడు. నలభై నాలుగు వేసవిలో మన సైన్యం సముద్రం దాటి నార్మండీలో దిగినప్పుడు పెర్సీ అందులో ఉన్నాడు. అక్కడ క్లోరిన్ కంపు కొట్టే నీళ్లు తప్ప తాగడానికి ఏమీ లేదని కబురొచ్చింది.

ఒక సాయంత్రం వాల్టర్, పైలటు లాంబోర్న్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అక్కా, రెండు పీపాల బీరు కావాలి. విమానం పొట్ట కింద తగిలించే పెట్రోలు ట్యాంకులో పోసి పంపుతాం. సార్ విమానం అక్కడ దిగే చోటికి దగ్గర్లోనే ఉంది పెర్సీ వాళ్ల దళం."

"పెట్రోలు ట్యాంకులోనా? నీకేమైనా మతి పోయిందా?"

"చాకలి సోడా వేసి వేడినీళ్లతో కడిగా. ఆవిరి కూడా పట్టించా. నేనే వాసన చూశా, ఏమీ లేదు."

"నన్నోసారి చూడనీ."

"ఇన్నేళ్లుగా ఇంజన్లతో కాపురం చేస్తున్నా. నాకు చెప్తావేంటి?"

అదే కొంప ముంచింది. పొద్దస్తమానం పెట్రోల్లో మునిగి తేలే మనిషి ముక్కుకి పెట్రోలు వాసన ఎలా తెలుస్తుంది? ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

తిరిగొచ్చిన లాంబోర్న్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొదటి మగ్గు మీ తమ్ముడికే ఇచ్చాం వాల్టర్. గుక్క తాగి ఉమ్మేశాడు. 'మా అన్నయ్య బీరు ఇంజన్లో పోసి, పెట్రోలు నాకు పంపాడ్రా!' అన్నాడు. దళమంతా పడీ పడీ నవ్వారు."

వాల్టర్‌కి తల కొట్టేసినట్టయింది. ఇక ట్యాంకు వద్దని, బాంబులు తగిలించే కొక్కేలకి చెక్కపీపాలే వేలాడేలా పట్టీలు చేశాడు. తిండి కూడా మానేసి చేశాడు. పైనుండే చలికి బీరు నా నేలమాళిగలో ఉన్నంత చల్లగా చేరుతుందని మురిసిపోయాడు. ఈసారి నాచేత వాసన చూపించాడు, రుచీ చూపించాడు.

పీపాలు క్షేమంగా చేరాయి. పెర్సీ ముందురోజే ఒక తోట కంచె దగ్గర పోరులో చనిపోయాడు.

లాంబోర్న్ టోపీ తీసి ఆ మాట చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాల్టర్ ఏడవలేదు.

"మిగతావాళ్లు తాగారా సార్?"

"తాగారు. బాగుందన్నారు."

"పెట్రోలు వాసన?"

"లేదు వాల్టర్."

అప్పుడు కూలబడ్డాడు.

పోనీలే, పోయేముందు నీ మూలంగా తమ్ముడు కడుపారా నవ్వాడు కదా అని ఊళ్లో కొందరు ఓదార్చబోయారు. నాకు ఒళ్లు మండింది. చేతులారా పంపిన ఒక్క గుక్కా తమ్ముడు ఉమ్మేయాల్సి వచ్చిందే అని కుమిలిపోయేవాడికి ఏం చెప్పి ఓదారుస్తారు?

పోయిన చలికాలం వాల్టర్ మంచం పట్టాడు. సీసాలో బీరు తీసుకెళ్లి, మగ్గులో పోసి నోటి దగ్గర పెడితే తల తిప్పుకున్నాడు. అలవాటు ప్రకారం నేనే వాసన చూశాను.

"శుభ్రంగా ఉంది వాల్టర్. తాగు."

"అయితే పెర్సీకి పంపెయ్యక్కా" అన్నాడు.