పన్నెండు నిమిషాల భోజనం

మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. అసలు పేరు ఎప్పుడో వెనకబడిపోయి, అందరికీ టేపు తాత అయ్యాడు. నలభై మూడేళ్లు మెట్ల కింద చిన్న కొట్లో మిషను తొక్కాడు. చేతులు వణకడం మొదలయ్యాక ముందు కాజాలు వదిలేశాడు, తర్వాత కాలర్లు, చివరికి కొట్టే వదిలేశాడు. టేపు మాత్రం మెడ దిగలేదు. "స్నానానికైనా తీస్తావా తాతా?" అని ఎవరన్నా అడిగితే, "తీస్తాను గానీ చలేస్తుంది" అంటాడు.

ఆయన కుట్టిన ఆఖరి జత కోడలిది. ఆమె పనిచేసిన బిస్కెట్ల కంపెనీ మూతపడితే, మూలన కూర్చుని ఏడవకుండా పెద్ద బండి నడపడం నేర్చుకుని బస్సు డిపోలో చేరింది. డిపోవాళ్లు ఇచ్చిన యూనిఫాం మగవాళ్ల కొలతలది. భుజాలు మోచేతుల దాకా జారేవి, ప్యాంటు అంచు పెడలుకి తగులుకునేది. "ఇది చొక్కా కాదు, గుడారం" అని తాత కొట్టు తాళం మళ్లీ తీశాడు. ఒకప్పుడు ఒక్క పూటలో అయిపోయే పనికి పదహారు రోజులు పట్టింది. చెయ్యి కుదురుగా ఉన్న కాసేపు కుట్టడం, వణుకు రాగానే ఆపేయడం. అలా తయారైంది ఆ లేత బూడిదరంగు జత.

అయితే చొక్కా వేసుకున్నంత మాత్రాన డ్రైవరు అయిపోరు. తొంభై రోజులు పక్క సీట్లో ఒక శిక్షకుడు కూర్చుని చూస్తాడు. తప్పు జరిగితే పుస్తకంలో రిమార్కు రాస్తాడు. మూడు రిమార్కులు పడితే ఇంటికే. కోడలికి వచ్చిన శిక్షకుణ్ణి డిపోలో గడియారం మాస్టారు అనేవారు. చెడ్డవాడు కాదు. నిమిషానికి అరవై సెకన్లే ఉంటాయని గట్టిగా నమ్మిన మనిషి.

మొదటి రిమార్కు భోజనం వల్లే పడింది. దారి చివర బస్సు ఆగాక వాళ్లకి ఇచ్చే విరామం పన్నెండు నిమిషాలు. అత్తగారు కట్టిన అన్నం డబ్బా తెరిచి, తిని, అవతలి గేటు దగ్గరున్న కుళాయిలో చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చేసరికి పద్నాలుగు అయ్యాయి. ఆ దెబ్బకి కోడలు మధ్యాహ్నం తినడమే మానేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డబ్బాలో అన్నం దారిలో కుక్కలకి పెట్టి, ఖాళీ డబ్బా తెచ్చేది. యాభై ఎనిమిదో రోజున కళ్లు తిరిగాయి. బండిని రోడ్డు పక్కకి తీసి, బ్రేకు వేసి, స్టీరింగు మీద తల వాల్చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. రెండో రిమార్కు మాత్రం పడింది.

ఆ సాయంత్రం నిజం బయటపడింది. అంతకు వారం ముందే అత్తగారు తడి గచ్చు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేసుకున్న చెయ్యిని ఒళ్లో పెట్టుకుని వంటగదిలో కుర్చీలోంచే రాజ్యం నడిపిస్తోంది.

"స్పూనుతో తినొచ్చు కదమ్మా" అందావిడ.

"ఒకసారి అలా తిన్నానత్తయ్యా. సీటు ఇరుకు, చొక్కా మీద పడింది. పైన స్వెట్టరు వేసుకుని దాచాను. మరక కనపడితే దానికీ రిమార్కే."

"తినకపోతే కళ్లు తిరుగుతాయి, తింటే ఆలస్యం, తొందరగా తింటే మరక! ఇదేం ఉద్యోగమే తల్లీ, ముందు నుయ్యి వెనక గొయ్యి!"

తాత టేపు కొస వేలికి చుట్టుకుంటూ కొలతలు తీసుకునే గొంతుతో అడిగాడు. "మరుగుదొడ్డికి వెళ్లి రావడానికి ఎన్ని నిమిషాలు?"

"ఐదు మామయ్యా."

"ఎక్కి దిగడానికి?"

"ఒకటి."

"అంటే తినడానికి ఆరు. చెయ్యి కడిగే పని ఉండకూడదు. చొక్కా మీద పడకూడదు. ఒక్క చేత్తో అవ్వాలి." కాసేపు ఆలోచించి, "కూరకే చొక్కా తొడిగితే సరి" అన్నాడు.

అత్తగారు కుర్చీలో తిరిగి చూసింది. "ఈ ఇంట్లో నీళ్లు కాచి ఎరగరు, కూరకి చొక్కా తొడుగుతారట! కొలతలు నడుం దగ్గర తీస్తారా, ఛాతీ దగ్గరా?"

"నవ్వు, నవ్వు. ముందు పిండి డబ్బా ఎక్కడుందో చెప్పి నవ్వు."

పిండి కలపడం ఆవిడ కుర్చీలోంచి చెబితే ఆయన చేశాడు. నాలుగు గుప్పెళ్ల పిండి, చిటికెడు ఉప్పు, చెంచా నూనె, గోరువెచ్చని నీళ్లు. కలిపి తడిబట్ట కప్పి అరగంట వదిలేయాలి. "బట్టని కుట్టేముందు తడిపి ఆరేస్తాం చూడు, అదే లెక్క" అని ఆయన తనకి తానే ఒప్పజెప్పుకున్నాడు. రొట్టె పల్చగా ఒత్తడం వణికే చేతులకి అనుకున్నంత కష్టం కాలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి బరువు వేస్తే వణుకు కర్రలోకి దిగిపోయేది. పెనం మీద మాత్రం మొదటి నాలుగూ కరకరలాడాయి, చుట్టబోతే విరిగాయి.

"ఎర్రగా కాలనివ్వకండి! తెల్ల మచ్చ పోకముందే తీసి గుడ్డలో పెట్టండి. దాని ఆవిరికి అదే మెత్తబడుతుంది."

"అది ముందు చెప్పొచ్చుగా?"

"ముందు చెబితే మీరు వింటారా? చేతులు కాలాకే కదా మీకు ఆకులు గుర్తొచ్చేది!"

లోపలికి ఉడికించిన బంగాళాదుంప మెదిపి మిరియాలపొడి చల్లాడు. గుడ్డు అట్టు వేసి పట్టీలుగా కోశాడు. మొదటి రొట్టెచుట్టకి కొంచెం లూజు వదిలాడు. మొదటిసారి తొడిగి చూసే బట్టకి లూజు వదలడం ఆయన వృత్తి ధర్మం. రుచి చూడటానికి ఎవరిని కూర్చోబెట్టాలా అని వెతకనక్కర్లేకపోయింది. ఒంటి చేత్తో తినే మనిషి ఎదురుగా కుర్చీలోనే ఉంది. ఆవిడ రెండుసార్లు కొరికేసరికి దుంపంతా చీర కుచ్చిళ్లలోకి జారింది.

"చూశారా, మీ చొక్కాకి గుండీలు లేవు!"

మర్నాడు సాయంత్రం దాకా ఆవిడకి అదే భోజనం, అదే పరీక్ష. బిగువు పెంచితే రొట్టె చిరిగింది. క్యాబేజీ వేస్తే నీరు ఊరి అడుగు నానింది. తాత దాన్నీ తన భాషలోకి దింపుకున్నాడు. పలచని బట్టకి లైనింగు వేస్తాం కదా అని, రొట్టె మీద ముందు ఒక మెత్తని పాలకూర ఆకు పరిచి ఆ పైన కూర పెట్టాడు. క్యాబేజీని ఉప్పేసి పిండాడు. పెరుగుని గుడ్డలో వేలాడదీసి, గట్టిపడ్డాక వెల్లుల్లి నూరి కలిపి ఆకు మీద రాశాడు. అవతలి అంచున రెండు వేళ్ల మార్జిను ఖాళీగా వదిలాడు. ఇటూ అటూ అంచులు లోపలికి మడిచి, బొటనవేళ్లతో కూరని వెనక్కి అదుముతూ ముందుకి దొర్లించాడు. మధ్యకి అడ్డంగా కాక ఏటవాలుగా కోశాడు. అలా కోస్తే మొదటి కొరుకుకి మూల దొరుకుతుంది, నోరు పెద్దగా తెరవనక్కర్లేదు.

అత్తగారు పూర్తిగా తిని, చీర దులుపుకుని చూసుకుంది. ఏమీ రాలలేదు.

"ఉప్పు కాస్త తగ్గింది" అంది. ఆవిడ నోట మెచ్చుకోలు అంటే అదే.

కానీ పొద్దున్నే ఐదున్నరకి కట్టిన చుట్ట మధ్యాహ్నం దాకా సంచిలో కుదుపులు తింటుంది. కొస విచ్చుకోదని నమ్మకం ఏంటి? తాత ఆలోచించాడు. ఆలోచన మెదడు కంటే ముందు చేతికి వచ్చింది. కుట్టబోయే బట్ట కదలకుండా పట్టి ఉంచడానికి వేసే కచ్చా కుట్టు! సూది వేడినీళ్లలో మరిగించి, అంచు పొడుగునా పెద్ద పెద్ద కుట్లు వేశాడు. కొసన ముడి లేదు, లాగితే మొత్తం ఊడొస్తుంది. నిజానికి కచ్చాకి వేరే రంగు దారం వాడతారు, కంటికి కనపడాలని. కానీ రంగు తిండికి అంటుతుందేమోనని తెల్లదారం వాడాడు. కోడలికి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. కచ్చా కుట్టు కనబడితే ఎవరైనా లాగేస్తారు కదా! లోకంలో అందరూ టైలర్లు కారన్న సంగతి ఆయనకి నలభై మూడేళ్లలో ఎవరూ చెప్పలేదు మరి.

మర్నాడు దారి చివర, విరామం ఏడో నిమిషంలో, కోడలు వెనక సీట్లో కూర్చుని గబగబా కొరికింది. నమిలింది. ఏదో తెగలేదు. వేళ్లతో పట్టి లాగితే జానెడు వచ్చింది. ఇంకా లాగితే ఇంకో జానెడు.

గడియారం మాస్టారు అద్దంలోంచి చూస్తున్నాడు. "ఏంటమ్మా అది?"

"దారం సార్."

"అన్నం మానేసి దారం తింటున్నావా?"

"మా మామయ్య టైలరు సార్" అంది కోడలు. అంతకంటే వివరణ ఆమెకి తోచలేదు.

ఆయన వాచీ చూసుకుని పుస్తకం తెరిచాడు. మూడోది పడింది, అయిపోయింది అనుకుంది కోడలు. ఉన్న దారమంతా లాగేసి, మిగతాది మింగేసి, వచ్చి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఆయన రాసి పుస్తకం మూశాడు. "పదకొండో నిమిషానికి సీట్లో ఉన్నావని రాశాను. దారం గురించి రూల్సులో ఏమీ లేదు. పోనీ."

ఇంటికొచ్చి చెబుతూ కోడలు నవ్వింది. అత్తగారికి నవ్వీ నవ్వీ పిండికట్టు లోపల నొప్పి పుట్టింది. తాత ఒక్కడే నవ్వలేదు. సూదుల డబ్బా తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని, ఒక్కొక్కటీ బయటికి తీసి ఎంచాడు. పదకొండూ ఉన్నాయి. అయినా మళ్లీ ఎంచాడు.

"అన్నీ ఉన్నాయి కదా మామయ్యా" అంది కోడలు, పక్కన చతికిలబడి.

"ఉన్నాయమ్మా. ఉండకపోయుంటే?"

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి దారం లేదు, కాగితం వచ్చింది. తినే పదార్థాలు చుట్టే నూనెకాగితాన్ని చుట్ట అడుగున మూసేలా మడిచి, పై అంచుని రెండు మడతలు బయటికి తిప్పి నిలబెట్టేవాడు, అచ్చం చొక్కా కాలరులా. తినేకొద్దీ కాలరు చింపుకుంటూ కిందికి పోవచ్చు. వేలికి ఏమీ అంటదు. వణుకుతో ఒక్కో మడత మూడేసి సార్లు తప్పేది. పొద్దున్నే నాలుగున్నరకి లేచేవాడు, తప్పడానికి కూడా టైము కావాలి కదా. కోడలు అరవై రెండో రోజు, డెబ్భై, ఎనభై దాటింది. ముఖం తేరుకుంది. రిమార్కు పడలేదు.

తొంభయ్యో రోజున విరామమే దొరకలేదు. ముందున్న బస్సు చెడిపోయి, ఆ జనమంతా ఈమె బండెక్కారు. దారి చివర దింపిన వెంటనే తిరగాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి నోట్లో నీళ్లు తప్ప ఏమీ పడలేదు. స్టీరింగు మీద వేళ్లు చల్లబడటం ఆమెకి తెలుస్తోంది. ఆ రోజు కళ్లు తిరిగాయా, ఎనభై తొమ్మిది రోజులూ బూడిదలో పోసిన పన్నీరే. అంతలో రైలు గేటు పడింది. గూడ్సు బండి, నిదానంగా వస్తోంది.

కోడలు ఇంజను ఆపింది. చేతిబ్రేకు లాగింది. "సార్, బండి ఆపేశాను. తినొచ్చా?"

గడియారం మాస్టారు గూడ్సు పెట్టెల వంక చూశాడు. "కదిలే బండిలో తినకూడదని ఉంది. ఇది కదలడం లేదు."

ఎడమ చేత్తో కాలరు చింపింది. నిండా జనం, ఊపిరాడని ఎండ, వెనక హారన్లు. ఆఖరి పెట్టె దాటేసరికి రెండు సగాలూ అయిపోయాయి. చొక్కా మీద ఒక్క తునక లేదు. కాగితం ఉండచుట్టి జేబులో పెట్టుకుని ఇంజను తిప్పింది. సాయంత్రం డిపోలో ఆయన ఆఖరి పేజీ కింద సంతకం పెట్టి పుస్తకం ఆమె చేతికిచ్చాడు.

ఇల్లంతా సందడైంది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు పెందలాడే వచ్చాడు. కోడలు సంబరంగా చెప్పుకుపోతోంది. "రేపట్నుంచి పర్మనెంటు! విరామం నలభై నిమిషాలట అత్తయ్యా. లోపల క్యాంటీను ఉంది, వేడివేడిగా వడ్డిస్తారట. కుళాయి కూడా లోపలే!"

"మంచిదమ్మా, చాలా మంచిది" అన్నాడు తాత. నిజంగానే సంతోషంగా అన్నాడు. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్లి నూనెకాగితం చుట్టని పై అరలో పెట్టి వచ్చాడు. అత్తగారు అది చూసింది.

మర్నాడు నాలుగున్నరకి ఆయనకి మెలకువ వచ్చింది. లేవాల్సిన పని లేదని గుర్తొచ్చి అటు తిరిగి పడుకున్నాడు. ఐదింటికి వంటగదిలో కర్ర చప్పుడు. ఒక దెబ్బ, ఒక నిశ్శబ్దం, రెండు దెబ్బలు. రొట్టెని ఒత్తుతున్నట్టు లేదు, కొడుతున్నట్టుంది. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. కోడలు, ముక్కు మీద పిండితో, దేశపటంలా ఉన్న రొట్టె ముందు నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా? క్యాంటీను ఉందిగా?"

"ఉంది మామయ్యా. క్యాంటీనులో వరసలో నిలబడి తింటే నలభై నిమిషాలూ దానికే. ఇదైతే ఆరు నిమిషాలు. మిగతా ముప్ఫైనాలుగూ వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుంటాను. మీరు నిద్రపోతున్నారు కదా, మిమ్మల్ని లేపడం ఎందుకని..."

తాత పీట ముందుకి వచ్చి నిలబడి, ఆమె చేతిలోంచి కర్ర తీసుకున్నాడు.

"అలా కొడితే పిండికి నొప్పి పుడుతుందమ్మా. పక్కకి జరుగు. వెళ్లి తల దువ్వుకో, టైమవుతోంది."

గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఉప్పు! నిన్నా తగ్గింది!"