సున్నుండ కోసం డ్రైవ్‌వేలో కాపురం

ఆ రోజుల్లో నాకు మంచి పేరు అనేది చాలా అవసరమైన వస్తువు. ఇప్పుడంత అవసరం లేదు. పెళ్ళయింది, గ్రీన్‌కార్డు వచ్చింది, జుట్టు పలచబడింది, ఇక పేరు ఎలా ఉన్నా ఇంట్లోంచి నన్నెవరూ పంపించెయ్యరు. కానీ టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మొదటి ఉద్యోగం చేస్తూ, వారమంతా నలిగిన టీషర్టుతో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని తెలుగు చర్చికి బయల్దేరే బ్రహ్మచారికి మంచి పేరే సర్వస్వం. ఎందుకంటే ఆ చర్చిలో కీబోర్డ్ వాయించే అంకుల్‌కి ఒక కూతురుంది. (పాటలు పాడేవాళ్ళలో వెనక వరసలో నిలబడేది. నేను ఏ పాటకీ పుస్తకం తెరిచిన పాపాన పోలేదు, అటే చూసేవాణ్ణి.) "కుర్రాడు బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు, కనుక్కోవాలి" అని కీబోర్డ్ అంకుల్ ఎవరితోనో అన్నట్టు నా చెవిన పడింది. ఆ మాట విన్నప్పటి నుంచి నేను పార్కింగ్ లాట్‌లో కూడా బుద్ధిగా నడవడం మొదలుపెట్టాను.

నేను అద్దెకుండేది అదే చర్చికి వచ్చే ఒక పెద్దవయసు జంట ఇంట్లో, మేడమీద గదిలో. వాళ్ళది భీమవరం వైపు, నాది కాకినాడ. చేపల పులుసులో మామిడికాయ పడాల్సిందేనని వాళ్ళూ, వద్దని నేనూ అనడంలో తప్ప మాకు ఎప్పుడూ మాటపట్టింపు రాలేదు. అంకుల్ రిటైరైన కొద్దిరోజులకే ఒక పాత మోటార్‌హోమ్ కొనుక్కొచ్చారు. లోపలే మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ ఉండే బస్సంత బండి. ఉద్యోగం చేసినంత కాలం ఒకే హైవే మీద ఇంటికీ ఆఫీసుకీ తిరిగిన మనిషి ఆయన. ఆ హైవే ఆఫీసు దాటాక ఎటు పోతుందో ఈ జన్మలో చూసి తీరతానని బయల్దేరారు. ఆంటీకి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా సున్నుండకి.

సున్నుండ వాళ్ళ పిల్లి. గుండ్రంగా ముడుచుకు పడుకుంటే అచ్చం నేతి సున్నుండలాగే ఉంటుందని ఆంటీ ఆ పేరు పెట్టారు. పిల్లలు లేని ఆ ఇంట్లో దాని మాటే చెల్లుబాటు. మొదటిసారి దాన్ని ఎక్కించుకుని బండి తీస్తే, వీధి చివరి సిగ్నల్ దాటకముందే అది పెట్టిన కేకలకి పక్క కారులో తల్లి తన పసిపిల్ల చెవులు మూసింది. అంకుల్ అక్కడికక్కడే వెనక్కి తిప్పారు. (తిప్పారు అని ఒక్క ముక్కలో రాశాను గానీ, అంత బండిని ఆ వీధిలో తిప్పడానికి నేను కిందకి దిగి చేతులూపుతూ పడ్డ పాట్లు వేరే చెప్పాలి.) ఆంటీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తీర్పు చెప్పేశారు. "ఇది రాకపోతే నేనూ రాను. మీరూ, మీ లారీ, వెళ్ళి రండి."

పిల్లిని చూసే డాక్టరమ్మని అడిగితే, బండిని కదపకుండా నిలిపి ఉంచి, పిల్లిని అందులో ఉండనిస్తే మెల్లిగా అలవాటు పడుతుందని చెప్పిందట. సరే అని ఇంటిముందు డ్రైవ్‌వేలో బండి పెట్టి, గ్యారేజీలోంచి కరెంటు తీగ లాగి, సున్నుండని లోపల వదిలారు. ఒక్కర్తీ ఉండనని అది తలుపు గీకింది. దానికి తోడుగా ఆంటీ వెళ్ళారు. ఆంటీ లేకపోతే తనకి రాత్రి నిద్ర పట్టదని అంకుల్ వెళ్ళారు. అలా వారం తిరిగేసరికి పప్పుల డబ్బాలు, పోపుల పెట్టె, ప్రెషర్ కుక్కర్, ప్రార్థనకి కూర్చునే చాప అన్నీ బండిలోకి చేరిపోయాయి. నాలుగు బెడ్‌రూముల ఇంట్లో నేనొక్కణ్ణీ మిగిలాను. నాకు మొహమాటంగానే ఉండేది. "అంకుల్, మీరు లోపల ఉండండి, పిల్లి దగ్గర నేను పడుకుంటాను" అని కూడా అన్నాను. ఆంటీ నా వంక ఎగాదిగా చూసి "దానికి నువ్వంటే పడదు నాన్నా" అన్నారు. అది నిజమే. నన్ను చూస్తే అది సీటు కిందకి దూరేది.

ఆ కాపురం మాత్రం ముచ్చటగా ఉండేది. పిల్లి దొడ్డికి కూర్చునే మట్టి పళ్ళెం బండిలోని షవర్‌లో పెట్టడం వల్ల స్నానానికి మాత్రం వాళ్ళు ఇంట్లోకి రావాలి. నేను ఆఫీసు నుంచి రాగానే ఆంటీ బండి కిటికీలోంచి "అబ్బాయ్, మా ఇంటికి భోజనానికి రా" అని పిలిచేవారు. నేను వాళ్ళ ఇంట్లోంచి వాళ్ళ ఇంటికి పెరుగు గిన్నె పట్టుకుని వెళ్ళేవాణ్ణి. చిన్న బల్ల చుట్టూ మోకాళ్ళు తగులుతుండగా వేడివేడి అన్నంలో వేపుడు కలుపుకుని తింటూ, ఎప్పుడో వెళ్ళబోయే కొండల గురించి అంకుల్ చెప్పే కబుర్లు వినేవాణ్ణి. సున్నుండ తినడం నేర్చింది, పడుకోవడం నేర్చింది. కానీ ఇంజన్ స్టార్ట్ చేస్తే చాలు, గొంతెత్తేది. రోజూ సాయంత్రం అంకుల్ తాళం తిప్పడం, అది అరవడం, ఆయన నిట్టూర్చి తాళం తీసేయడం. ఇంజన్ మోగుతుండగా అది పడుకున్న రోజే ప్రయాణం అని ఆంటీ ఖరారు చేశారు.

ఇక్కడ ప్రార్థన అక్క గురించి చెప్పాలి. చర్చిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆవిడకి తెలుస్తుంది, ఆ తర్వాతే వాళ్ళకి తెలుస్తుంది. మనసు వెన్న. ప్రార్థన విన్నపాలన్నీ ఆవిడ ద్వారానే పాస్టర్‌గారికి చేరతాయి, అందుకే ఆ పేరు. ఒక శనివారం పొద్దున్నే ఆవిడ ఆంటీకి ఏదో గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే అంకుల్ భుజం మీద తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె పట్టుకుని తన ఇంటి తలుపు తానే కొడుతున్నారు. (తాళంచెవి బండిలో మర్చిపోయారు. ఆ తలుపు దానంతటదే లాక్ పడిపోయే రకం.) నేను లుంగీ మీద, చేతిలో కాఫీ గ్లాసుతో తీరిగ్గా తలుపు తీశాను.

"అబ్బాయ్, బాత్‌రూమ్ ఖాళీయేనా? ఐదు నిమిషాల్లో కానిచ్చుకుని పోతాను" అన్నారు అంకుల్.

"ఆయ్, రండి రండి, పర్లేదు" అన్నాను నేను, ఉదారంగా.

వెనక బండి కిటికీలోంచి ఆంటీ గొంతు. "ఏవండోయ్, అబ్బాయిని అడిగి నాలుగు కరివేపాకు రెబ్బలు కూడా తీసుకురండి!"

ప్రార్థన అక్క కారు దిగకుండానే ఇదంతా చూసింది. తర్వాత దిగి, గిన్నె మెట్టుమీద పెట్టి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. పాపం ఆవిడకేదో బాధ ఉన్నట్టుందని నేను అంకుల్‌తో అన్నాను కూడా.

మర్నాడు చర్చిలో పాస్టర్‌గారు ప్రత్యేక ప్రార్థన అన్నారు. మా దగ్గర ప్రత్యేక ప్రార్థనలో పేర్లు చెప్పరు, అది మర్యాద. "తండ్రీ, మా మధ్యనే ఉన్న ఒక పెద్ద కుటుంబం సొంత ఇంటికి దూరమై, బండిలో తల దాచుకుంటోంది. వారికి గూడు దయచేయుము. ఆశ్రయమిచ్చిన వారినే బయటికి నెట్టిన ఆ యవ్వనస్థుని రాతి గుండెను మెత్తపరచుము." ఆంటీ నా పక్కనే వెక్కి వెక్కి ఏడ్చారు. అంకుల్ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. నేనైతే ఆ దుర్మార్గుడి మారుమనస్సు కోసం రెండు చేతులూ పైకెత్తి ప్రార్థించాను. బయటికొచ్చాక ఆంటీ "పాపం ఎవరో గానీ, ఫ్రీజర్‌లో పులుసుంది, పంపిద్దామండీ" అంటే, "ముందు ఆ కుర్రాడెవడో తెలిస్తే బాగుండు ఆంటీ" అని పళ్ళు కొరికాను. ఇంతలో ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆంటీ చేతుల్లో బిర్యానీ ట్రేలు, దుప్పట్లు పెట్టి, భుజం తట్టి వెళ్ళారు. "మన ట్రిప్ సంగతి అందరికీ తెలిసిపోయింది చూశారా, ఎంత ప్రేమో" అని ఆవిడ మురిసిపోయారు. నాకు మాత్రం ఒక్కరూ వందనం చెప్పలేదు. నేను చెయ్యి చాపితే కీబోర్డ్ అంకుల్ కీబోర్డ్‌కి గుడ్డ కప్పడంలో మునిగిపోయారు.

నా కళ్ళు తెరిపించింది ఆఫీసులో నా వరంగల్ స్నేహితుడు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే విన్నాడట. "అరే, నువ్వు మీ అంకుల్ ఇల్లు కబ్జా చేసినవంట గదా? నాకొక్క మాటన్న చెప్పకపోతివి!" అన్నాడు, కొంచెం మెచ్చుకోలుగానే. ఊరంతా ఏమనుకున్నా ఫర్వాలేదు, వెనక వరసలో నిలబడే ఆ అమ్మాయి చేతులు జోడించి నా రాతి గుండె కోసం ప్రార్థించి ఉంటుంది కదా అన్న ఆలోచనకే ప్రాణం చచ్చిపోయింది. పరుగున ఇంటికొచ్చి చెబుదామనుకుంటే, గుమ్మంలోనే ఎదురయ్యారు ప్రార్థన అక్క, కీబోర్డ్ అంకుల్. నాతో మాట్లాడి నచ్చజెప్పడానికి ఒకే కారులో వచ్చారట.

"చూడు తమ్ముడూ, ఈ వయసులో వాళ్ళు ఎక్కడికి పోతారు? ఒక్క బెడ్‌రూమ్ అయినా వాళ్ళకి వదిలెయ్యి" అంది అక్క, సోఫాలో కూర్చుని, బతిమాలుతున్నట్టు.

"అక్కా, ఇల్లు వాళ్ళదే. వాళ్ళు పిల్లి కోసం బండిలో ఉంటున్నారు."

"పిల్లి కోసమా?" కీబోర్డ్ అంకుల్ నా మొహంలోకి జాలిగా చూశారు. "బాబూ, నీ స్టోరీ ఏదైనా ఫర్లేదు. ఇలాంటి మాటలు మాత్రం వద్దు. నేను నీ గురించి వేరేగా అనుకున్నాను."

ఆ "వేరేగా" అన్న మాట గుండెలో గుచ్చుకుంది. నిజానికి ఆయన తప్పేముంది, నాలుగు బెడ్‌రూములు వదిలి పిల్లి కోసం డ్రైవ్‌వేలో కాపురం పెట్టారంటే నేనైనా నమ్మను. ఇక వాదించలేక ఇద్దర్నీ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆంటీ సంబరంగా తలుపు తీసి "రండి బ్రదర్, రా అమ్మా, మా చిన్నిల్లు చూద్దురుగాని" అంటూ లోపల కూర్చోబెట్టారు. అంకుల్ అప్పుడే సాయంత్రం ప్రార్థనలాగా డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం పట్టుకుని ఉన్నారు. అప్పుడు జరిగింది ఒక వింత. సీటు కింద నుంచి సున్నుండ బయటికొచ్చింది. కీబోర్డ్ అంకుల్ బూట్లు వాసన చూసింది. పంట్లాం వాసన చూసింది. ఏం నచ్చిందో ఏమో, ఎగిరి ఆయన ఒళ్ళోకెక్కి, గుండ్రంగా చుట్టుకుని, కళ్ళు మూసేసింది.

"కదలకండి బ్రదర్!" అని ఆంటీ గొంతు తగ్గించి అరిచారు.

అంకుల్ ఇదే అదను అనుకుని తాళం తిప్పారు. ఇంజన్ గుర్రుమంది. సున్నుండ ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసింది. "అబ్బాయ్, తలుపు వెయ్యి! బెల్టులు పెట్టుకోండందరూ!" అన్నారు అంకుల్. నేను గ్యారేజీ తీగ పీకి లోపలికి దూకాను. "అయ్యో, నా కారు..." అని ప్రార్థన అక్క అనేలోపు మేం వీధి దాటేశాం.

అంకుల్ ఆఫీసు ఎగ్జిట్ దాటేసి, డెంటన్ ఊరి వైపు పోనిచ్చారు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఒక్కరోజైనా దాటని ఎగ్జిట్ అది. ముందు సీట్లోంచి ఆంటీ నిమిషానికోసారి వెనక్కి తిరిగి "పడుకుందా? ఇంకా పడుకుందా?" అని అడుగుతూనే, మధ్యలో డాక్టరమ్మ సలహా దగ్గర్నుంచి కథంతా చెప్పారు. ప్రార్థన అక్క మొహం ఎర్రగా కందిపోయింది. కాసేపటికి ఆవిడే ముందు పకపకా నవ్వింది, ఆ నవ్వులో కొంచెం ఏడుపూ ఉంది. కీబోర్డ్ అంకుల్ పరిస్థితి వేరే. ఒళ్ళో పిల్లి, చుట్టూ బెల్టు, కదలకూడదని ఆజ్ఞ, ఎదురుగా నేను. చూడ్డానికి నా మొహం తప్ప వేరే ఏమీ లేదాయనకి. ఇక తప్పదన్నట్టు గొంతు సవరించుకున్నారు.

"హెచ్ వన్ వీసా మీదేనా ఉన్నావు? గ్రీన్‌కార్డుకి ఫైల్ చేశారా కంపెనీ వాళ్ళు?"

"ఆయ్, ప్రాసెస్‌లో ఉందండి."

"వంటొచ్చా?"

"పప్పుచారు, కోడిగుడ్డు పొరుటు వచ్చండి. చేపల పులుసు మా ఆంటీ దగ్గర నేర్చుకుంటున్నానండి."

"మామిడికాయ వేస్తావా?"

నేను ముందు సీటు వంక భయంగా చూసి "వెయ్యనండి" అన్నాను. ఆయన మొదటిసారి నవ్వారు. వెళ్ళినంత దూరం, వచ్చినంత దూరం ఆయన అడుగుతూనే ఉన్నారు, సున్నుండ పడుకునే ఉంది. చీకటి పడకముందే అంకుల్ తిరుగు ప్రయాణంలో కీబోర్డ్ అంకుల్‌ని ఇంటి దగ్గర దింపడానికి బండి ఆపారు. ఆంటీ పిల్లిని ఎత్తుకున్నారు. తీరా లేవబోతే కీబోర్డ్ అంకుల్ కాలు తిమ్మిరెక్కి నేలకి ఆనడం లేదు. ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని, కుంటించుకుంటూ గుమ్మందాకా తీసుకెళ్ళాను. ఆ అమ్మాయే తలుపు తీసింది. ఇస్త్రీ ప్యాంటు నిండా పిల్లి బొచ్చుతో, ఇల్లు కబ్జా చేసినవాడి మెడ పట్టుకుని వేలాడుతున్న నాన్నని చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"డాడీ, ఏం అయింది? హౌస్ బ్యాక్ ఇచ్చేశాడా?"

దారంతా నేను నా నిర్దోషిత్వం మీద తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి మనసులో ఉపన్యాసాలు తయారు చేసుకున్నాను. ఆ అమ్మాయి సూటిగా చూసేసరికి రెండూ ఎగిరిపోయాయి. "మా ఇల్లు వాళ్ళదేనండి" అన్నాను.

"మరి నీకు ఏం ఉంది?" అంది, అమెరికాలో పెరిగిన పిల్లల తెలుగులో, అమాయకంగా.

"ఒక రూమండి. మేడమీద."

ఆ అమ్మాయి గుమ్మం పట్టుకుని నవ్వింది. వాళ్ళ నాన్న నా భుజం మీద చెయ్యి తియ్యకుండానే నవ్వారు. నేనెందుకు నవ్వుతున్నానో నాకే తెలియకుండా నేనూ నవ్వాను. ఆ వారమే అంకుల్, ఆంటీ, సున్నుండ కొండల వైపు వెళ్ళిపోయారు. ఆ ఏడాది చివర్లో మా పెళ్ళయింది. ఇప్పుడు నార్త్ కరోలినాలోని క్యారీలో మాకో ఇల్లుంది, వెనక యార్డుంది, గ్యారేజీలో రెండు కార్లున్నాయి, నాకేముందో చెప్పమంటే చాలాసేపు చెప్పగలను. అయినా అప్పుడప్పుడు వంటింట్లో ఒక్కణ్ణీ కూర్చుని కాఫీ తాగుతుంటే ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అంత ప్రేమించిన మనిషి ముందు నిలబడి, ఉన్నది ఒక్క గదేనని దాచకుండా చెప్పి, ఆ నవ్వు కోసం ఎదురుచూసిన వాడంటే నాకు ఇప్పటికీ కొంచెం అసూయే.