దాచమన్న పుండు

నా చిన్నప్పుడు, మా మావయ్య కాలి మీది పుండు సంగతి ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఆయన అమ్మకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, కొత్తపేట దగ్గర మా ఇంట్లోనే ఉంటూ, కొబ్బరిచెట్లెక్కి కాయలు దించేవాడు. పడుచు వయసులో ఒకసారి చెట్టు మీంచి జారి, మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం ఊడిపోయిందట. అది మాని, పల్చగా మెరిసే మచ్చ మిగిలింది. ఇరవై ఏళ్ళకు పైగా దానివల్ల ఏ బాధా లేదు.

నాకు పదేళ్ళప్పుడు ఆ మచ్చ మధ్యలో చిన్న పుండు లేచింది. చెట్టుకు రాసుకుని రేగిందనుకున్నాడు. బడి నుంచి రాగానే నేను వేణ్ణీళ్ళతో కడిగి, పాత పంచె గుడ్డ కట్టేదాన్ని.

"అమ్మకి చెప్పకు అమ్మలూ. తెలిస్తే చెట్టెక్కనివ్వదు" అన్నాడు.

నన్ను అంత నమ్మాడని పొంగిపోయాను. నెలలు గడిచాయి. పుండు అంచులు గట్టిపడి పైకి లేచాయి. ముట్టుకుంటే నెత్తురు. వాసనకు మొహం పక్కకు తిప్పుకుని కట్టు కట్టేదాన్ని. అయినా చెప్పలేదు.

గజ్జలో గడ్డ లేచి మావయ్య నడవలేకపోయిన రోజున అమ్మ చూసింది. ముగ్గురం కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు ముక్క తీసి పరీక్షకు పంపి, మళ్ళీ వెళ్ళినప్పుడు అమ్మను కూర్చోబెట్టి చెప్పారు.

"పాత మచ్చలో కేన్సరమ్మా. ఏళ్ళ తర్వాత ఒక్కోసారి ఇలా వస్తుంది. మొదట్లోనే వచ్చుంటే ఆ మేరకు కోసి తీసేసేవాళ్ళం. ఇప్పుడు కాలు తీసినా ఆగుతుందని చెప్పలేను."

అమ్మ వరండాలో గోడకు చేరబడి, "ఒక్కరైనా చూడలేదా, ఒక్కరైనా నాకు చెప్పలేదా" అని అదే మాట అంటూ ఉండిపోయింది. నేను చెబుదామని లేచేసరికి మావయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరికీ చూపించలేదక్కా. గుడ్డ నేనే కట్టుకునేవాణ్ణి" అన్నాడు.

అమ్మ మంచినీళ్ళకు వెళ్ళాక నా వైపు తిరిగాడు. "నీ తప్పేం లేదమ్మలూ. దాచమన్నది నేను. చిన్నపిల్లవి, నీ నెత్తిన అంత బరువు పెట్టకూడదు, పెట్టేను. ఇకమీదట ఎవరు దాచమన్నా దాచకు. కోప్పడితే పడనీ."

ఆయ్ అని తలూపాను. ఏడుపు కూడా రాలేదు.

కాలు తీశారు. అయినా ఏడాది తిరక్కుండానే పోయాడు. అమ్మకు నిజం చెప్పడానికి నాకు ఇంకో పదేళ్ళు పట్టింది. విని, ఆ పూట అమ్మ అన్నం తినలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పోయిన నెల, మాకు పాలు పోసే ఆవిడ ముంజేతి మీద ఎప్పుడో కాలిన మచ్చలో పుండు చూశాను. మూడు నెలలుగా మానలేదంది.

"మా అబ్బాయికి చెప్పకండమ్మగారూ, కూతురి పెళ్ళి పనుల్లో ఉన్నాడు" అని బతిమాలింది.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి ఆ అబ్బాయికి చెప్పాను. అమలాపురం తీసుకెళితే ముక్క తీసి పరీక్షకు పంపారట. ఫలితం ఇంకా రాలేదు. ఆవిడ నాతో మాటలు మానేసింది. మావయ్య విషయంలో అప్పుడే నేను నోరు విప్పి ఉంటే అన్న బాధ ఈ వయసులోనూ నన్ను వదల్లేదు. దాని ముందు ఆవిడ కోపమెంత? పొద్దున్నే గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడతాను. ఆవిడ తల వంచుకుని పాలు పోస్తుంది. చేతికి శుభ్రమైన కట్టు ఉందో లేదో చూసుకుని లోపలికి వస్తాను.